దొంగ మామిడికాయల పచ్చడి

అడగకముందే జవాబు చెప్పే చెవిపూసలు వచ్చాక ఏ ఇంట్లోనూ వాదన మిగల్లేదు. కదిరి దగ్గరి ఆ చిన్న కాలేజీలో మాత్రం పూసలు గేటు దగ్గరే తీసిపెట్టాలి. ఓబులప్ప కూతురి పోరు పడలేక వచ్చాడు గానీ, ఆమెను అందులో చేర్చే ఉద్దేశం లేదు.

"ఇంతకూ మీరిచ్చేదేంది?" అని ప్రిన్సిపాలమ్మను నిలదీశాడు.

"ఒక ప్రశ్న ఇస్తామన్నా. దొంగిలించిన మామిడికాయలతో పెట్టిన పచ్చడి బాగుంటే మెచ్చుకోవచ్చునా?"

"తప్పు" అన్నాడు ఓబులప్ప.

"పచ్చడేం పాపం చేసె నాయనా?" అంది కూతురు తులశమ్మ.

"దొంగసొత్తుకు రుచేంది?"

"అది ఎవరి చెట్టుదో నాలుకకేం తెలుసు?"

బస్సు హారన్ కొట్టేదాకా ఇద్దరూ తగ్గలేదు. భార్య పోయాక తనకు ఎదురు చెప్పిన మనిషే లేదని ఓబులప్పకు అప్పుడు తట్టింది.

ఒక్కడే బస్సెక్కి, కిటికీలోంచి కూతురితో అన్నాడు.

"తేల్చుకున్నాకే ఇంటికి రా. నాలుగేండ్లు పట్టినా సరే."