పాలిచ్చినామె ఊరు

"ఈ ఊళ్ళో పాలు తాగే బిడ్డలుండే ఇండ్లు ఎన్ని ఉండాయప్పా?"

పాపక్క అలా అడిగేసరికి, కళ్ళంలో రాగులు తూర్పారపడుతున్న ముసలాయన చేట దించి ఆమెను ఎగాదిగా చూశాడు.

"యాలమ్మా? రేషను కార్డులు రాసేవాళ్ళా మీరు?"

"కార్డులూ లేదు, పాడూ లేదు. నా మనవడికి పాలిచ్చిన మహాతల్లిని వెతుకుతాండాము."

పక్కనే ఉన్న కోడలు అనసూయ, వెంకటరమణను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది. వాడికి ఐదో నెల. ఇలా తిరగడం ఇది మూడో ఆదివారం. తెల్లవారగానే అత్తాకోడళ్ళు పట్నంలోని కబ్బన్‌పేటలో బయలుదేరి, కలాసిపాళ్యంలో హొసూరు బస్సెక్కి, బొమ్మసంద్ర దగ్గర దిగి, అక్కడి నుంచి కాలిబాట పట్టి ఒక్కో ఊరూ గాలిస్తున్నారు.

రెండు నెలల కిందట అనసూయ ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, చంటిబిడ్డతో ఒంటరిగా హొసూరులోని పుట్టింటికి పోతూ ఇదే బస్సెక్కింది. యుద్ధం మూలాన పెట్రోలు దొరకని రోజులు. బస్సులన్నీ బొగ్గుతోనే నడుస్తున్నాయి. సింగసంద్ర మిట్ట ఎక్కలేక ఆ బస్సు నడిదారిలో నిలిచిపోయింది. కండక్టరు బస్సు వెనకనున్న బొగ్గుపొయ్యిని రాజేస్తూ రెండు గంటలు గడిపాడు. జ్వరానికి అనసూయకు పాలు ఇంకిపోయాయి. ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు పడిపోయింది. చివరికి ఏడవడం కూడా మానేశాడు. అప్పుడు ముందు సీటులోని ఒకామె లేచి వచ్చింది. బిడ్డను అందుకొని, కొంగు కప్పి, కడుపారా పాలిచ్చింది. బొగ్గుపొగకు కాబోలు, ఆమె కళ్ళు ధారగా కారుతున్నాయి. బొమ్మసంద్రలో బిడ్డను తిరిగి తల్లి ఒళ్ళో పెట్టి, వెంటనున్న మగమనిషి వెనకాలే పొలాల దారిన వెళ్ళిపోయింది. పేరు తెలియదు, ఊరు తెలియదు. ముంజేతి మీద తేలు పచ్చబొట్టు మాత్రం అనసూయ కళ్ళలో నిలిచిపోయింది.

"ఇంకొక తల్లి పాలు తాగిన బిడ్డకు ఆ తల్లి ఒళ్ళో కూర్చోబెట్టే చెవులు కుట్టల్ల. మా ఇంటి పద్ధతి అంతే," అని పాపక్క తేల్చి చెప్పింది. ముహూర్తం వచ్చే శుక్రవారం. అనసూయకు అదే బెంగ. ప్రాణం పోసిన మనిషిని వదిలేసి చెవులు కుట్టిస్తే బిడ్డకు ఏమి చెరుపు జరుగుతుందో! వాడు ఆదమరిచి నిద్రపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది.

"పాలబిడ్డలుండే ఇండ్లు నాలుగు," అన్నాడు ముసలాయన చేత్తో చూపిస్తూ.

నాలుగిళ్ళూ తిరిగారు. ఒకామె చాప పరిచి మజ్జిగ ఇచ్చింది. ఇంకొకామె రాగిముద్ద, అనపగింజల పులుసు పెట్టి, తినేదాకా కదలనివ్వలేదు. మూడో ఇంట్లో అనసూయ అరికాళ్ళ బొబ్బలు చూసి ఆముదం రాశారు. కబ్బన్‌పేటలో మగ్గాల చప్పుడు, పుట్టిల్లు తప్ప వేరే లోకం ఎరగని అనసూయకు, ఎవరో తెలియని వాళ్ళు ఇంత ఆదరించడం వింతగా తోచింది.

కానీ ఆ నాలుగిళ్ళలోనూ ఆమె లేదు.

"అత్తా, పచ్చబొట్టు గుర్తు చెప్పి అడుగుదామా?"

"మొదటి ఆదివారం అడగలేదా? పదిమంది చేతులు చాపి నిలబడిరి! తేలు పచ్చ ఎవరికైనా ఉంటాదిమ్మే. మనకు కావల్సింది చంటిబిడ్డ తల్లి. బిడ్డను ఇంట్లో వదిలి పట్నానికి వచ్చింటాది, రొమ్ములు బరువెక్కింటాయి, అంతలో వీడి ఏడుపు వినబడింటాది. అంతే కత."

"నాలుగు గంటల బస్సు పోతుందేమో."

"పోతే నడుస్తాము. నీకేం, మూడు వారాలుగా ఊరికొక ముద్ద తిని గుండ్రంగా అయినావు!"

అనసూయ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. ఇంకో ఆదివారం లేదు.

ఇద్దరూ గట్ల మీద రోడ్డువైపు నడుస్తుండగా అనపచేనులోంచి ఒక కేక వినిపించింది.

"ఓ అమ్మా! బిడ్డతల్లీ! నిలబడు!"

ఒడినిండా కాయలున్న ఆడమనిషి, కాయలు రాలిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తుకొచ్చింది. చాచిన ముంజేతి మీద తేలు.

"అత్తా, ఈమే!" అని అరిచింది అనసూయ.

ఆమె పేరు సొన్నమ్మ. వెంకటరమణను రెండు చేతులా అందుకొని తల వాసన చూసింది. "పెరిగినాడు... బరువైనాడు..." అని గొణుక్కుంది.

పాపక్క వంగి ఆమె కాళ్ళు తాకబోయింది. సొన్నమ్మ గబుక్కున వెనక్కి జరిగింది. "పెద్దోళ్ళు, మీరు నాకా! నేనే మీకు దండం పెట్టల్ల. ఆ పొద్దు ఎవరు ఏమని అడక్కుండా బిడ్డను నా చేతికిచ్చిరే, ఆ పున్నెం ఈ జన్మకు మరవను."

"తాగింది మావోడు, దండం నీదా? బాగుండాదే!" పాపక్క నవ్వుతూనే కన్నీళ్ళు పెట్టుకుంది. కుంకుమ పెట్టి, కొత్త చీర చేతికిచ్చింది. "శుక్రవారం రావల్ల. నీ ఒళ్ళోనే వీడికి చెవులు కుట్టేది."

"నా ఒళ్ళోనా?" సొన్నమ్మ రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత, వస్తానని తల ఊపింది.

అనసూయ గుండెల మీది బరువు దిగిపోయింది. మూటలోంచి తాను కుట్టిన చిన్న చొక్కా తీసి ఇచ్చింది.

"ఇది నీ బిడ్డకక్కా. వాడి నోటికాడి పాలే కదా వీడు తాగింది. ఏడీ వాడు, ఇంట్లో నిద్రపోతాండాడా?"

సొన్నమ్మ ఆ చొక్కా మడత విప్పలేదు. వెంకటరమణను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది.

"వాణ్ణి పట్నంలో పూడ్చిపెట్టి ఆ బస్సెక్కినా చెల్లెలా."