డబ్బాకు తొడిగిన చొక్కా

షాపు గుమ్మంలో అడుగు పెట్టిన మనిషి ముక్కు మూసుకుని, గిరుక్కున తిరిగి, మెట్ల మీదే భళ్ళున కక్కాడు.

"బోణీ బ్రహ్మాండం" అన్నాడు టైలరు, మిషను ఆపి.

వచ్చినవాడు మూతి తుడుచుకున్నాడు. కళ్ళు పసుపు. గోళ్ళు పసుపు. గోక్కున్న చోటల్లా పొట్టు రాలుతోంది.

సంచిలోంచి ఊదా చారల చొక్కా తీశాడు.

"నా ఒంటికి సరిపోయేలా తగ్గించాలి, మాస్టారూ."

టైలరు చొక్కా పరిచి చూశాడు. అలాంటి మనుషులు ఇద్దరు పడతారు అందులో.

"ఎవరిదయ్యా ఇది? ఎక్కడ ఆరేసి ఉంటే పట్టుకొచ్చావ్?"

"నాదే."

"నీదైతే, ఇందులో నిన్ను వెతుక్కోవాలి."

అయినా టేపు పట్టాడు. టేపుకి ఎముకలే తగిలాయి. అతని ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంది.

"మాస్టారూ, ఆ గ్లాసులోది తాగకండి. ఆ వాసనకే నా కడుపు తిప్పింది."

మిషను పక్కన గ్లాసులో పచ్చటి పొడి కలిపిన నీళ్ళు. నాచు పట్టిన తొట్టె కడిగినట్టుండే ఆ కంపు నిజానికి టైలరుకీ రోతే. కానీ అరవయ్యో ఏట మిషను మొరాయించలేదు, మోకాళ్ళు మొరాయించాయి. తొక్కలేకపోతే షాపు మూతే. మోకాళ్ళకి మంచిదని పొడి అమ్మినవాడు చెబితే విన్నాడే గాని డబ్బా మొహం చూడలేదు. దుమ్ము పడకుండా, కొన్న రోజే గుడ్డముక్కలతో దానికో చొక్కా కుట్టి తొడిగాడు.

"పోటీ పొడివాళ్ళు పంపారా, మా పొడిని పొడిచి రమ్మని?"

"నేనూ తాగాను, మాస్టారూ. చాలామంది చేత తాగించాను కూడా."

"కబుర్లాపి, ముందు ఆ మెట్లు కడుగు."

అతను వంగలేక వంగి, మెట్లు కడిగి వెళ్ళాడు.

టైలరు చొక్కా తగ్గించి కొక్కేనికి తగిలించాడు. దానికోసం ఎవరూ రాలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు, భార్య టైలరు కనురెప్ప కిందికి లాగి చూసి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

"కాళ్ళ కోసం తాగితే కాలేయం కాలిందట" అన్నాడు టైలరు భార్యతో షాపుకి తిరిగొచ్చి, నవ్వబోయి, గోక్కుంటూ.

"ఏదీ, ఆ దిక్కుమాలిన డబ్బా ఇటివ్వు."

"దాని చొక్కా చింపకే. ఇంకో డబ్బాకి పనికొస్తుంది."

"ఇంకో డబ్బా మాటెత్తితే నీకే తొడుగుతా."

ఆమె కుట్టు పట్టుకుని పర్రున లాగింది.

డబ్బా మీది బొమ్మలో, ఎడమ భుజం కాస్త జారిన మనిషొకడు, గుండీలు తెగేలా ఛాతీ విరుచుకుని, పచ్చటి గ్లాసు ఎత్తి నవ్వుతున్నాడు. అతని ఒంటి మీదున్న ఊదా చారల చొక్కానే, సగానికి తగ్గి, టైలరు వెనక కొక్కేనికి వేలాడుతోంది.