దానంతటదే

“మళ్ళీ అదే ఏడుపు!” అంటూ అల్లుడు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

లాప్‌టాప్ తెర మధ్యలో ఇంకో బుల్లి తెర. అందులో షాపు బిల్లింగ్ పేజీ పై సగమే కనబడుతోంది. కింద ఉండాల్సిన ‘బిల్లు’ బటన్ తెర అంచు దాటి ఎటో పోయింది. తెర పెద్దదైతే తప్ప అది దొరకదు. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

భార్య గుమ్మంలోంచి తొంగి చూసింది. “ఏవండీ, అన్నం చల్లారిపోతోంది.”

“చల్లారనీ! నాలుగింటికి మేనేజర్ ఫోన్ చేస్తాడు. అప్పటికి ఇది కుదరకపోతే టీమ్ లీడర్ పోస్టు ఆ గుంటనక్కగాడు ఎగరేసుకుపోతాడు.”

గుంటనక్క అంటే ఆఫీసులో పక్క సీటు వాడు. ఆ ఇంట్లో వాడి అసలు పేరు ఎవరికీ తెలియదు.

నెట్ సరిగ్గా అందేది ఆ ఒక్క గదిలోనే. ఆ గదేమో కూతురికి సాయంగా వచ్చిన అత్తగారికి ఇచ్చారు. ఆవిడ మంచం మీద కూర్చుని, పుట్టబోయే బిడ్డకి ఉన్ని టోపీ అల్లుతున్నారు. అల్లుడి మొహం చూస్తే జాలేసింది.

“అసలేమిటి బాబూ అది?”

“కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ అత్తయ్యగారూ. ఉత్తుత్తిదే, కానీ అచ్చం అసలుదానిలాగే పనిచేస్తుంది.”

“కడుపులో బిడ్డలాగన్నమాట.”

“అలాంటిదే. దీని గొప్పేమిటంటే, సిస్టమ్ ఎక్కించడానికి పక్కన మనిషి అక్కర్లేదు. మామూలుగా అది సవాలక్ష ప్రశ్నలడుగుతుంది. భాష ఏది, టైము ఎంత, తెర ఎంత సైజు... అన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైల్లో పెట్టేశాను. మొదలుపెట్టి మన దారిన మనం పోవచ్చు. దానంతటదే చేసేసుకుంటుంది.”

“అన్నిటికీ పెట్టేశారా?”

“అన్నిటికీ.”

“మరి చివర్లో అది...”

“మీరేం కంగారుపడకండి. పొద్దున్నుంచి చెబుతున్నాగా, దాన్ని ముట్టుకోకుండా ఉంటే అదే పదివేలు. ఎవరి చెయ్యీ పడకుండా అయితేనే అయినట్టు లెక్క.”

అత్తగారు మళ్ళీ అల్లిక అందుకున్నారు. అల్లుడి ఉద్యోగంలో వేలు పెట్టే రకం కాదావిడ.

మొదటిసారి ఫైల్లో తెర కొలత మార్చి చూశాడు. రెండోసారి తెరని నడిపే డిస్‌ప్లే డ్రైవర్ మార్చాడు. మూడోసారి రెండూ మార్చాడు. ఇక మిగిలింది తెర మీద బొమ్మకి కేటాయించే వీడియో మెమరీ ఒక్కటే. దాన్ని పెట్టగలిగినంత పెంచి, ఆ ఉత్తుత్తి కంప్యూటర్‌ని మొత్తం చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. అక్కడే కూర్చుంటే గోళ్ళు కొరుక్కోవడం తప్ప చేసేదేమీ లేదు గనక భోజనానికి లేచాడు.

కూరలో ఉప్పు పడలేదన్న సంగతి కూడా గమనించకుండా తింటున్నాడు.

“పోనీ, అమ్మ ఆ గదిలోనే ఉందిగా, ఓ కన్నేసి ఉంచమననా?” అంది భార్య.

“ఓ కన్నూ అక్కర్లేకుండా ఉండాలనే కదా ఈ తిప్పలన్నీ!” అని విసుక్కున్నాడు.

చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండానే గదిలోకి పరుగెత్తాడు. తలుపు దగ్గరే ఆగిపోయాడు.

తెర నిండా పేజీ. పైన షాపు పేరు, మధ్యలో సరుకుల వరస, అడుగున ఆకుపచ్చగా ‘బిల్లు’ బటన్.

“అయింది! ఇప్పటికి దీని రోగం కుదిరింది!” అని ఒక్క కేక పెట్టాడు. భార్య గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. అంతలో ఫోన్ మోగింది.

“ఏమయ్యా, సంగతేమిటో చెప్పు,” అన్నాడు మేనేజర్.

“అయిపోయింది సార్! వీడియో మెమరీ చాలలేదు, అంతే. పెంచగానే దారికొచ్చింది.”

“మధ్యలో ఎవరూ ముట్టుకోలేదుగా?”

“గదిలో మా అత్తగారు తప్ప నరమానవుడు లేడు సార్.”

మేనేజర్ పడీపడీ నవ్వాడు. “శభాష్! అయితే నీ ఫైలు ఇప్పుడే పంపు. ఇవాళ షాపులన్నిటికీ సెలవు. మూడొందల షాపుల్లోనూ ఇక్కణ్ణుంచే ఒకేసారి మొదలుపెట్టించేస్తాను. రేపు షట్టర్లు తీసేసరికి అన్నీ తయారుగా ఉండాలి.”

ఫైలు వెళ్ళింది. కాసేపటికి మేనేజర్ నుంచి మెసేజ్ వచ్చింది. ‘అన్నిచోట్లా మొదలైంది. టీమ్ లీడర్ గారూ, హాయిగా నిద్రపోండి.’

భార్యకి రెండుసార్లు చదివి వినిపించాడు. గుంటనక్క మొహం ఎలా ఉంటుందో నటించి చూపించాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత అత్తగారి వైపు తిరిగాడు.

“మీరొచ్చిన వేళ మంచిది అత్తయ్యగారూ! మూడొందల షాపులు! లోపల మనిషన్నవాడు లేడు. అంతా దానంతటదే!”

అత్తగారు అల్లిక ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడ మొహంలో సంతోషం ఉంది గానీ, ఏదో అనుమానం కూడా ఉంది.

“చాలా సంతోషం బాబూ. మీరు ముట్టుకోవద్దన్నారని మూడుసార్లూ ఊరుకుంటే, తెర మళ్ళీ చిన్నదైపోయింది. కానీ చివర్లో తెర పెద్దదయ్యాక, ‘ఈ సైజు ఉంచనా, తీసెయ్యనా’ అని అది పాపం పదిహేను నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ అడుగుతుంటే మనసొప్పక, ఈసారి ‘ఉంచు’ అని నేనే నొక్కేశాను. మరి ఆ షాపుల్లో ఎవరు నొక్కుతారు?”