పెట్ట కూత

మా ఓజార్క్ కొండల్లో టర్కీ కోళ్ళ వేట మొదలవడానికి ఇంకా వారం ఉంది. పుంజులు ఏ చెట్ల మీద పడుకుంటున్నాయో చూసుకుందామని తెల్లవారుతుండగా గుట్ట ఎక్కాను. పక్క పొలం నోరీన్ అప్పటికే బండ మీద కూర్చుని, చిన్న చెక్క డబ్బాకి మూత రుద్దుతూ, పుంజుల్ని రప్పించే పెట్ట కూత తీస్తోంది. వరసగా ఇది నాలుగో రోజు! నాకు ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధుందా నీకు? ఇప్పట్నుంచే కూత పెడితే పుంజులు మోసం పసిగట్టేస్తాయి. రేపు సీజన్లో ఒక్కటీ దగ్గరికి రాదు."

"రాకూడదనే."

"కావాలని నా నోట్లో మట్టి కొడుతున్నావన్నమాట!"

"పుంజులు రాకపోతే నువ్వూ రావు. నీ తుపాకీ రాదు."

"ఏం, ఈ గుట్ట నీ బాబుదా?"

నోరీన్ లేచి డబ్బాని నా మొహం ముందు పెట్టింది. మూత నిండా తుపాకి గుళ్ళ చిల్లులు.

"ఈ డబ్బా మా తమ్ముడిది. పోయినేడు ఈ బండ మీదే కూర్చుని కూత పెడుతుంటే వాణ్ణి కాల్చి చంపావు. అచ్చం కోడి కూతలాగే వినబడిందని షెరీఫుకి చెప్పుకుని బయటపడ్డావు."

మూత మళ్ళీ ఒకసారి రుద్దింది.

"ఏదీ, ఇప్పుడు చెప్పు డెల్మర్. కోడేనా?"