కొండెక్కే కాలం

“ఏప్రిల్‌లోనా? వానలమ్మా తల్లీ! అది కిలిమంజారో కాదు, కాలుజారో!” అన్నాడు ఫణి, అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లోని తన అపార్ట్‌మెంట్‌కొచ్చిన ఆఫీస్ స్నేహితులిద్దరినీ చూసి పెదవి విరుస్తూ.

“పోనీ, జూలై?” అంది త్రివేణి.

“వానలుండవు, జనం ఉంటారు. క్యూ కట్టడానికైతే తిరుపతి కొండ చాలదూ?”

“జనవరి?” అన్నాడు దామోదర్.

“పైన గడ్డకట్టే చలి! అగ్నిపర్వతం అన్నారు కదా, చలి కాచుకుందామనుకున్నావా?”

మూడేళ్లుగా ఇదే వరస: కిలిమంజారో ఎక్కుదామని వాళ్లో నెల చెప్పడం, తను కొట్టేయడం. ఈ అజ్ఞానులకు కొండల గురించి చెప్పడం తన ఖర్మ అనుకున్నాడు ఫణి.

త్రివేణి ఫోన్ అతని ముందుకు తోసింది. “ఇదీ అగ్నిపర్వతమే. హవాయిలో. పదమూడు వేల అడుగుల పైనే. సెప్టెంబర్‌లో వానలు తక్కువట. ముగ్గురికీ బుక్ చేస్తున్నా.”

“హవాయా? ఆ పేరుతో చెప్పులు తొడుక్కుంటారు, కొండలెక్కరు.”

“అది అమెరికాలోనే ఉంది ఫణీ,” అంది త్రివేణి మెల్లగా. “వీసా స్టాంప్‌తో పనిలేదు. నీలాగే నాదీ మూడేళ్ల కిందటే ఎక్స్‌పైర్ అయింది. ఇక్కడున్నంతవరకూ పర్లేదు గానీ, దేశం దాటితే కొత్త స్టాంప్ వేసి మళ్లీ రానిస్తారో లేదోనని నాకూ భయమే.”

ఫణి విరిచిన పెదవి మెల్లగా సర్దుకుంది.

“సెప్టెంబర్ ఎన్నో తారీఖు?” అన్నాడు, మొదటిసారి వాతావరణం మాటెత్తకుండా.