కల్వర్టు మీద లారీ

"పక్కకి తియ్యండయ్యా! చెడిపోవడానికి మీ బండికి ఇదే దొరికిందా చోటు?"

మందుల షాపావిడ గొంతు చించుకుంటోంది.

లారీ ఇరుకు కల్వర్టు మీద అడ్డంగా, దున్నపోతులా నిలబడిపోయింది.

డ్రైవరు కిందికి దిగి తల గోక్కున్నాడు.

"ముసలి బండమ్మా. మొరాయించింది. ఏం చేయను?"

ఆకాశం ఉరిమింది. ఆవిడకి కాలు ఒకచోట నిలవడం లేదు.

తొలి వాన పడిన సాయంత్రమే కొండ మీది కప్పలన్నీ గుడ్లు పెట్టడానికి కింద చెరువుకి బయలుదేరతాయి. మధ్యలో ఈ తారు రోడ్డు. నిరుడు చెరువు చేరినవాటి కన్నా చక్రాల కింద నలిగినవే ఎక్కువ. దాటించడానికి వచ్చిన పిల్లలు దారిన పోయే లారీలవాళ్ల కళ్లముందే ఏడుస్తూ ఇళ్లకి పోయారు.

ఊళ్లో ఆవిడకి 'కప్పలక్క' అని పేరు పడింది అప్పుడే.

ఆ ఒక్క సాయంత్రం రోడ్డు మూయమని రోడ్ల ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది.

"కప్పల కోసం రోడ్డు మూస్తారా ఎవరైనా?" అని నవ్వారు.

చివరికి పెద్దాఫీసరు ఒక మెట్టు దిగాడు. "ఈసారి వచ్చి కళ్లారా చూస్తాను. చూశాక ఆలోచిద్దాం."

ఆ ఆఫీసరు కారు ఇప్పుడు లారీ వెనకాల ఇరుక్కుంది. బకెట్లతో బయలుదేరిన వీధివాళ్ల వ్యానూ అక్కడే ఇరుక్కుంది.

వ్యానులోవాళ్లు దిగి నడిచొచ్చారు. ఆఫీసరు అద్దం దించి బురదని ఒకసారి చూశాడు. అద్దం ఎత్తేశాడు. కారు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

కప్పలక్కకి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఏడాది పొడుగునా కాళ్లావేళ్లా పడి రప్పించుకున్నాను ఆయన్ని! అంతా బూడిదలో పోసిన పన్నీరు చేశారు. బండి నడపడం చేతకానప్పుడు గాడిదలు కాసుకోవచ్చుగా?"

"నిజమేనమ్మా," అన్నాడు డ్రైవరు.

ఎదురు చెప్పకపోయేసరికి ఆవిడకి ఇంకా ఒళ్లు మండింది.

వెనక బండ్లు ఒకటే హారన్లు. ఒకతను వచ్చి డ్రైవరు చొక్కా పట్టుకున్నాడు. డ్రైవరు విదిలించుకోను కూడా లేదు.

"తప్పే బాబూ. చుట్టుదారిలో వెళ్లిపోండి. ఇది ఇప్పట్లో కదలదు."

వాన మొదలైంది. కొండవైపు గడ్డిలోంచి మొదటి కప్ప రోడ్డు మీదికి గెంతింది. దాని వెనక మరొకటి. ఆ తర్వాత గడ్డంతా కదిలింది.

"బకెట్లు! బకెట్లు అందుకోండి!"

ఒకరిని నిలబెడితే ఇంకొకరు గొడుగు కోసం జారుకుంటున్నారు. కప్పల తక్కెడంటే ఏమిటో కప్పలక్కకి ఆ సాయంత్రం తెలిసొచ్చింది.

"ఇవన్నీ దాటడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" లారీ పక్కనుంచి డ్రైవరు అడిగాడు.

"మీకెందుకా సంగతి? మీ బండి సంగతి చూసుకోండి!"

రోడ్డు అవతలి చివర కాపలా ఉన్న మరిది ఫోన్ చేశాడు.

"వదినా, ఇటునుంచి కూడా ఒక్క బండీ రావట్లేదు! కప్పలున్నాయి నెమ్మదిగా వెళ్లండంటే నా మొహం మీదే నవ్వి దూసుకుపోయేవాళ్లు, ముందు లారీ అడ్డంపడిందనగానే బుద్ధిమంతుల్లా వెనక్కి తిరుగుతున్నారు."

"నీ వేళాకోళం తర్వాత. ముందు మెకానిక్కుని పంపు."

మెకానిక్కు బైకు మీద తడుస్తూ వచ్చాడు. బోనెట్ ఎత్తి తల లోపల పెట్టాడు. పక్కనే డ్రైవరూ తల పెట్టాడు.

కాసేపటికి మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "సామాను దొరకాలక్కా. ఆలస్యమవుతుంది." అని కల్వర్టు గోడ మీద తీరిగ్గా కూర్చున్నాడు.

"దొందూ దొందే!" అని విసుక్కుంటూ ఆవిడ బకెట్ ఎత్తుకుంది.

చెరువువైపు పోతుంటే డ్రైవరు ఫోన్లో మాట్లాడుతున్నది చెవిన పడింది.

"అవును సార్, దారిలో ఆగిపోయింది... లోడు ఈ పూటకి అందదు సార్... నా తప్పే."

కొంచెంసేపు అవతలి మాట విన్నాడు.

"సరే సార్. రేపు తాళాలు ఇచ్చేసి వెళ్లిపోతాను."

తగిన శాస్తి అనుకుంది కప్పలక్క.

చీకటి పడేవేళకి గడ్డిలో కదలిక ఆగింది. చెరువులోంచి బెకబెకలు మొదలై, చూస్తుండగానే ఒడ్డంతా హోరెత్తిపోయింది. ఆవిడ టార్చి పట్టుకుని రోడ్డు ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచింది. నలిగిన కప్ప ఒక్కటి కనపడలేదు.

ఈ ఊరి పుణ్యం ఎక్కడో మిగిలుంది అనుకుంటూ వెనక్కి తిరిగింది.

కల్వర్టు మీద లారీ లేదు.

"ఎప్పుడు పోయిందో! పీడ విరగడైంది," అంది.

మర్నాడు మెకానిక్కు జలుబు మాత్రలకోసం షాపుకొచ్చాడు.

"ఏం మెకానిక్కువయ్యా నువ్వు? అంతసేపు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నావు. ఇంతకీ ఆ లారీకి ఏం పోయింది?"

మెకానిక్కు తలొంచుకున్నాడు. మాత్రల పట్టీని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమీ పోలేదక్కా. నేను బోనెట్లో తల పెట్టగానే ఆ డ్రైవరు నా చెయ్యి పట్టుకుని, 'నోరెత్తకు తమ్ముడూ, కప్పలన్నీ దాటేదాకా ఈ బండి చెడిపోయినట్టే' అన్నాడు."