తెర ఇవతల

కామారెడ్డి అమ్మాయి రాజమణి, ఎల్లారెడ్డి అబ్బాయి స్వామిదాసు పెండ్లయిన ఏడాదే ఉపాధ్యాయ శిక్షణ కోసం ఎడింబరో వచ్చారు. 1938 చలికాలంలో ఒక పొద్దున ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. కాన్పుగదిలోకి మగవాళ్లను రానివ్వరు. స్వామిదాసు తలుపు బయట నిలబడ్డాడు.

క్లాసులో అందరూ మెచ్చుకునేలా ఇంగ్లీషు మాట్లాడే రాజమణికి, నొప్పులు ముదిరేసరికి ఆ భాషలో ఒక్క మాటా నోటికి రాలేదు, చెవికీ ఎక్కలేదు.

"అవ్వా, నడుమిరుగుతున్నది. దూపైతున్నది, నీళ్లియ్యుండ్రి," అంటోంది. నర్సులకు అర్థం కావడం లేదు.

స్వామిదాసు తలుపు తట్టి, ఆమెకు దాహంగా ఉందని ఇంగ్లీషులో చెప్పాడు. అలా మళ్లీ మళ్లీ తట్టాక, పెద్ద నర్సు అతన్ని లోపలికి పిలిచి మంచానికి అడ్డంగా ఉన్న తెర ఇవతల నిలబెట్టింది.

"నువ్వు ఈడ్నే ఉంటవా?" అంది రాజమణి.

"యాడికి పోత? ఈడ్నే ఉన్న. గట్టిగ ముక్కమంటున్నరు రాజీ. ఇంక జరసేపే."

ఆమె మాట వాళ్లకు, వాళ్ల మాట ఆమెకు చేరవేస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి కాన్పయింది. గదిలో చప్పుడు లేదు.

"పిల్ల ఏడుస్తలేదేంది? అడుగు."

అడిగాడు. నర్సు మెల్లగా జవాబు చెప్పింది. అన్ని మాటలు చేరవేసినవాడికి ఆ ఒక్క మాటకు నోరు పెగల్లేదు. తెర అంచు పట్టుకుని నిలబడిపోయాడు.

కాసేపటికి అటునుంచి రాజమణి అంది:

"నువ్వు చెప్పకు. ఆమె అన్నది నాకు సమజైంది."